మూసిన కళ్ళ చిత్రకారుడు

స్టూడియో, ఆరో అంతస్తు
వానలు మొదలైన వారం

అక్కయ్యకి,

నమస్కారం. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నిన్న సాయంత్రం వేలంలో నిన్ను అమ్మేశారు. కంగారుపడకు, పచ్చ కుర్చీలో కూర్చున్న నిన్ను. సుత్తి పడగానే హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పలికిన ధరతో మీ వీధిలో ఒక వైపు ఇళ్ళన్నీ కొనేసి, రెండో వైపు వాళ్ళతో బేరం మొదలుపెట్టొచ్చు. కొన్నవాడు సిమెంటు వ్యాపారి. బొమ్మ ముఖం వైపు ఒక్క క్షణమైనా చూడలేదు. జేబులోంచి టేపు తీసి వెడల్పు కొలిచాడు. సోఫా మీద గోడ ఎంత ఉందో వాళ్ళావిడ ఫోనులో చెబుతుంటే మూలలు సరిచూసుకున్నాడు. ఇలాంటి వాళ్ళ కోసమా నేను ఇన్నేళ్ళు భుజం పడిపోయేలా కుంచె పట్టింది అనిపిస్తుంది. అయినా వాళ్ళ అజ్ఞానం వల్లే మనకింత వెలుగు. గొర్రెలు లేకపోతే కంబళి ఎక్కణ్ణుంచి వస్తుంది?

అసలు సంగతికి వస్తాను. చలికాలంలో నా మొత్తం పనిని ఒక్కచోట పెట్టి పెద్ద ప్రదర్శన చేస్తున్నారు. అప్పుడే నా మీద పుస్తకం కూడా వస్తుంది. రాస్తున్నాయన చిన్నవాడు కాదు, ఆయన ఒక పేరా రాస్తే చిత్రం ధర మారిపోతుంది. ఆ ప్రదర్శనకి నీ దగ్గరున్న అమ్మ బొమ్మ కావాలి. నా తొలి రోజుల పని కదా. గ్యాలరీ యజమాని పెట్టె, మనిషి, బండి అన్నీ పంపిస్తానంటున్నాడు. ఎలాగూ నీ గోడ మీద దానికి వంటింటి జిడ్డు పట్టడం తప్ప వేరే గతి లేదు. నువ్వు చేయాల్సిందల్లా తలుపు తీయడమే.

బావగారికి నమస్కారాలు.

నీ తమ్ముడు

*

ఇల్లు, ముందు గది
అదే వారం

మహా చిత్రకారులు, మా తమ్ముడు గారికి,

నన్ను అమ్మేసిన సంగతి తెలిసింది. ముందే ఒక మాట చెప్పి ఉంటే తల దువ్వుకునేదాన్ని కదరా. మీ బావకి చదివి వినిపించాను. "ఇన్నేళ్ళుగా కాపురం చేస్తున్నాను, నీకింత ధర పలుకుతుందని నాకు ఒక్కడూ చెప్పలేదే!" అని తెగ బాధపడ్డారు. అప్పటినుంచి నాకు కాఫీ ఆయనే కలిపి ఇస్తున్నారు.

ఎండాకాలంలో నువ్వు టీవీలో మాట్లాడటం చూశాం. ఆ ఉక్కలో మెడకి మఫ్లరేమిటి? "నేను మొదటినుంచీ మూసిన కళ్ళనే గీశాను. తెరిచిన కన్ను అబద్ధం చెబుతుంది" అన్నావు. ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఏదో పెద్ద సత్యం విన్నట్టు తల ఊపింది. నాకు తాగుతున్న కాఫీ ముక్కులోకి ఎక్కింది. అబద్ధం చెప్పేది తెరిచిన కన్ను కాదురా, తెరిచిన నోరు.

ఆ అమ్మాయికి తెలియదు గానీ నాకు తెలుసుగా. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రాత్రంతా "నెంబరు ప్లీజ్" అని అని, పొద్దున్నే ఇంటికొచ్చి, నీకు ఊరికే కూర్చునే మనిషి ఇంకెవరూ దొరక్క నీ ఎదుట కుర్చీలో కూలబడేదాన్ని. కూర్చున్న కాసేపటికే నిద్ర పట్టేది. లేపితే తిట్టేదాన్ని. కొన్నాళ్ళకి లేపడం మానేసి, ఉన్నదున్నట్టు గీయడం మొదలుపెట్టావు. నీ శైలి పుట్టింది అక్కడ. దాన్ని ఇప్పుడు 'లోచూపు' అంటున్నారట. లోపల నేనేం చూశానో అడిగితే చెబుతాను, రోజూ ఒకటే కల, ఎవరికో తప్పు నెంబరు కలిపినట్టు. నోరు తెరుచుకుని గురక పెడుతున్నవి కూడా గీశావు. వాటిలో ఏ చూపుందో మీ పుస్తకాలాయన్ని అడిగి రాయి.

అమ్మ బొమ్మ ఇవ్వను. అందులో అమ్మ కళ్ళు తెరిచి ఉంది. మూసిన కళ్ళ చిత్రకారుడి ప్రదర్శనలో కళ్ళు తెరిచిన మనిషికేం పని? సెంటు సీసా మూత తీసినట్టు గుప్పుమనే మీ గ్యాలరీవాడు ఆ మధ్య మా ఇంటికి వచ్చినప్పుడు దాన్ని చూసి ముఖం ఎలా పెట్టాడో నేను గమనించాను. మనిషినీ బండినీ పంపకు. తలుపు తీసేది మీ బావే, ఆయనకి ఈ మధ్య మోకాళ్ళు నొప్పి, లేవడానికి చాలాసేపు పడుతుంది.

మీ అక్క

*

స్టూడియో
వానలు

అక్కకి,

నీ ఉత్తరం చదివాక రెండు రోజులు కుంచె పట్టలేకపోయాను. నీ వెటకారం నాకు కొత్త కాదు, కానీ నా పని మీద వెటకారం చేసే హక్కు కాస్తయినా పని తెలిసినవాళ్ళకి ఉండాలి. నీ దృష్టిలో బొమ్మ అంటే గోడ మీద మేకు ఖాళీగా కనబడకుండా పెట్టుకునేది.

అవును, నిద్రపోయావు. నేనెప్పుడూ కాదనలేదు. బస్సుల్లో, ఆఫీసుల్లో, ఆస్పత్రి బెంచీల మీద ప్రపంచం మొత్తం నిద్రపోతూనే ఉంటుంది. చూసినవాళ్ళెవరు? మెడ ఒక పక్కకి వాలినప్పుడు దవడ బరువు ఎక్కడ దిగుతుందో, ఒళ్ళో చేతులు మనిషిని వదిలేసి వేరే వస్తువుల్లా ఎలా పడి ఉంటాయో గీసిందెవరు? నువ్వు నిద్రపోవడం గొప్పతనం కాదక్కా, దాన్ని నేను చూడటం గొప్పతనం. నా తోటివాళ్ళు గుండ్రాలూ గీతలూ గీసుకుంటూ మనిషి బొమ్మ వేసేవాణ్ణి చూసి నవ్విన రోజుల్లో, నేను మనిషినే పట్టుకుని కూర్చున్నాను. వాళ్ళలో సగం మంది ఇప్పుడు బడుల్లో డ్రాయింగ్ చెబుతున్నారు.

అమ్మ సంగతి. నువ్వనుకునే దురుద్దేశాలేవీ లేవు. ఒక పెద్ద తెల్ల గోడ మీద అమ్మని ఒక్కదాన్నే పెట్టిస్తాను. పక్కన ఇంకే బొమ్మా ఉండదు. జీవితమంతా సిటీ బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి ముందు, కార్లలో తిరిగే వాళ్ళంతా వచ్చి నిలబడతారు. అది అమ్మకి దక్కొద్దా? నీ ఒక్కదాని కోసమే ఆమె గోడకి వేలాడాలా?

మనిషిని పంపను. నేనే వస్తాను.

తమ్ముడు

*

ఇల్లు
వానలు వెనకబట్టాక

తమ్ముడూ,

క్షేమంగా చేరావని తలుస్తాను. నువ్వు వెళ్ళాక చాలాసేపు ముందు గదిలోకి వెళ్ళలేదు. వెళ్ళి చూస్తే గోడ మీద అమ్మ ఉన్నంత మేరా సున్నం తెల్లగా, చుట్టూ మాసిపోయి ఉంది. మీ బావ క్యాలెండరు తగిలిస్తానన్నారు. వద్దన్నాను.

నిజం చెప్పాలంటే నిన్ను గుమ్మంలోంచే తరిమేద్దామని కూర్చున్నాను. ఆ మఫ్లరు లేకుండా, మామూలు చొక్కాలో, తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చావు. అన్నం తిని, అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుండిపోయావు. ఒక్క గొప్ప కూడా చెప్పుకోలేదు. అది చూసి మెత్తబడ్డాను. నాకు నీ మీద ఎంత ఒళ్ళుమంట ఉన్నా, నువ్వు నోరు మూసుకుని కూర్చుంటే మాత్రం నా తమ్ముడిలాగే ఉంటావు.

మీ బావ దాన్ని రెండు దుప్పట్లలో చుట్టి తాడు కట్టింది నీకు చూపించడానికి కాదు, ఆయనకి నిజంగానే భయం. మళ్ళీ చెబుతున్నాను, విను. ఇంట్లో అమ్మ ఫోటోలు రెండే ఉన్నాయి. ఒకదాంట్లో వెనక్కి తిరిగి ఎవరినో పిలుస్తోంది, రెండోదాంట్లో ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఉద్యోగం కార్డు మీది ఫోటో డిపోలో తిరిగి ఇచ్చేసింది. అమ్మ మన వైపు చూసేది ఆ ఒక్క బొమ్మలోనే. ఆ చూపు నీకు గుర్తుందిగా. బస్సులో టిక్కెట్ తీసుకోనివాణ్ణి అమ్మ ఏమీ అడిగేది కాదు. ఎదురుగా నిలబడి చూసేది. వాడే జేబులు తడుముకునేవాడు. మనం ఇంట్లో ఏదైనా దాస్తే మన వైపూ అలాగే చూసేది, మనమూ అలాగే తడుముకునేవాళ్ళం. ఇప్పుడు కూడా నేను ఎవరి మీదైనా లేనిపోనిది మాట్లాడి ఆ గదిలోకి వెళితే, ఆ గోడ వైపు చూడకుండా పక్కనుంచి పోతాను. నాకు అమ్మ అంటే అది. చీర కాదు, బొట్టు కాదు, ఆ చూపు.

ఎలా ఇచ్చానో అలా తీసుకురా. ప్రదర్శన ఎప్పుడో రాయి, వస్తాను.

అక్క

*

స్టూడియో
చలి మొదలయింది

అక్కా,

క్షమించు, రాయడం ఆలస్యమయింది. ఊపిరి సలపడం లేదు.

అమ్మ బొమ్మ భద్రంగా ఉంది. కొంచెం శుభ్రం చేస్తున్నాం. చాలా ఏళ్ళ జిడ్డు కదా, రంగులు తేరుకుంటున్నాయి. ప్రదర్శన తేదీ ఇంకా అటూ ఇటూగా ఉంది. నువ్వు ప్రారంభం రోజున మాత్రం రావద్దని నా మనవి. ఆ రోజు తోపులాట, కెమెరాలు, కూర్చోడానికి ఒక్క కుర్చీ ఉండదు. ఎవడెవడో వచ్చి ఏదేదో వాగుతుంటాడు, నీకు చిరాకు. రద్దీ తగ్గాక నేనే కారు పంపించి, నీకూ బావగారికీ నిదానంగా అన్నీ చూపిస్తాను.

బావగారి మోకాళ్ళకి మంచి డాక్టరు ఉన్నాడు ఇక్కడ. ఆ విషయం కూడా చూద్దాం.

తమ్ముడు

*

రైల్వే స్టేషను, ఆడవాళ్ళ వెయిటింగ్ రూము
ప్రారంభం రోజు

ఒరేయ్,

తేదీ అటూ ఇటూగా ఉందన్నావు. పేపర్లో అర పేజీ వేశారు, ఏ అటూ ఇటూ లేకుండా. మీ బావని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి బండెక్కాను. తిరుగు బండికి ఇంకా వేళ ఉంది. ఇక్కడి బల్ల మీదే రాసి, ఈ స్టేషను డబ్బాలోనే వేస్తున్నాను, ఇంటికి వెళ్ళేసరికి కోపం చల్లారితే ఇందులో సగం మాటలు రాయలేను.

మొదట నీ వైభోగం. గుమ్మంలో కుర్రాళ్ళు గ్లాసులు అందిస్తున్నారు. గోడల నిండా నేనే. కుర్చీలో నేను, బల్ల మీద తల పెట్టుకుని నేను, కిటికీకి ఆనుకుని నేను. పెద్దవీ చిన్నవీ, పాతికకి తక్కువ ఉండను. ఆ నాలుగు గదులూ తిరిగాను. ఒక్క మనిషి కూడా నన్ను గుర్తుపట్టలేదు. నా ముఖం మీద ఇన్నేళ్ళు వ్యాపారం చేసి బతుకుతున్నవాళ్ళకి, నేను కళ్ళు తెరిచి నడుస్తుంటే ఎవరో తెలియలేదు. ఒకావిడ అయితే, "కొంచెం జరుగుతారా, బొమ్మకి అడ్డొస్తున్నారు" అంది. నా బొమ్మకి నేను అడ్డట. జరిగాను.

తర్వాత ఆ తెల్ల గోడ దగ్గరికి వెళ్ళాను. ఆ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకున్నావు. పక్కన ఇంకే బొమ్మా లేదు.

అమ్మ కళ్ళు మూసేశావు.

నేను మొదట అది వేరే బొమ్మ అనుకున్నాను. చీర అదే, చేతిలో టిక్కెట్ల సంచి అదే, ఖాకీ కోటు జేబు మీద వేలాడే విజిలు అదే. కళ్ళ చోట రెండు నున్నటి రెప్పలు. ఎంతో బాగా వేశావు, ఆ మాట చెప్పి తీరాలి, నిన్న మొన్న వేసినట్టే లేదు. చుట్టూ పదిమంది చేరారు. నీ పుస్తకాలాయన చేతులు తిప్పుతూ చెబుతున్నాడు.

"గమనించండి. తొలి రోజుల చిత్రంలోనే ఈ రెప్పలు. ఒక శ్రామిక స్త్రీ తన బతుకుని మౌనంగా అంగీకరించిన క్షణం ఇది."

"మా అమ్మ దేన్నీ అంగీకరించలేదండీ. చిల్లర లేదన్నవాణ్ణి కూడా దింపేసేది" అన్నాను.

ఆయన నన్ను చూసి నవ్వాడు. ముసలివాళ్ళని చూసి నవ్వుతారే, ఆ నవ్వు.

"అంటే, ఇందులో మీకు మీ అమ్మగారు కనిపించారన్నమాట! చూశారా, గొప్ప చిత్రం చేసే పని అదే. అందరికీ తమ తల్లే కనిపిస్తుంది."

అందరూ ఆహా అన్నారు. ఇంత చదువుకున్నవాడికి అంత గట్టి తల ఎలా అబ్బిందో! నిన్ను వెతికాను. స్తంభం పక్కన ఉన్నావు. నన్ను చూశావు. సెంటు సీసా చెవిలో ఏదో చెప్పి లోపలి గదిలోకి వెళ్ళిపోయావు. అంతమంది ముందు నీ పరువు తీయడానికి నాకెంతసేపు పడుతుంది? కానీ ఏడుపొస్తోంది, వాళ్ళ ముందు ఏడిస్తే దానికీ ఏదో పేరు పెడతారని బయటికి వచ్చేశాను.

ఎందుకు చేశావురా? నువ్వు టీవీలో కోసిన ఒక్క కోతని నిజం చేయడానికా? ఆయన పుస్తకంలో ఒక వాక్యం తప్పు కాకూడదనా? అందుకు అమ్మ కళ్ళు కావలసి వచ్చాయా?

సంతకం పెట్టబుద్ధి కావడం లేదు.

*

స్టూడియో
మూడో నాడు

అక్కయ్యకి,

ఉత్తరం అందింది. నువ్వు ఏం తిట్టినా పడతాను. కానీ విషయం నువ్వనుకున్నంత ఘోరమైనది కాదు, నిదానంగా విను.

బొమ్మల్లో ఒక పద్ధతి ఉంది. పాత రంగు మీద వార్నిషు పూత వేసి, ఎండాక దాని మీద కొత్త రంగు వేస్తారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు పైది మందు దూదితో తుడిచేస్తే కిందది చెక్కుచెదరకుండా బయటికి వస్తుంది. కిటికీకి తెర వేయడం లాంటిది. అమ్మ కళ్ళు ఆ తెర వెనక ఉన్నాయి. ప్రదర్శన అయ్యాక తెర తీసి నీకు అప్పగిద్దామనే అనుకున్నాను. నీకు తెలియకుండా అయిపోతుందనుకున్నాను, అది నా తప్పు.

నా ఇబ్బంది నీకు అర్థం కాదు. ఇక్కడ మనిషికి ఒక్క ముఖమే ఉండాలి. కొనేవాళ్ళు నా బొమ్మని దూరం నుంచే గుర్తుపట్టాలి, అదే వాళ్ళకి కావాలి. కళ్ళు తెరిచినది ఒక్కటి బయటపడిందా, "మరి మూసినవి ఎందుకు మూశాడు, చేతకాకా?" అని మొదలవుతుంది. ఈ బజారులో అనుమానం పుట్టిన రోజే ధర పడుతుంది. ఆ సిమెంటువాడు మొదలుకొని అందరూ వచ్చి గ్యాలరీ యజమాని పీక మీద కూర్చుంటారు. అతను నా పీక మీద కూర్చున్నాడు.

ఇంకో చిన్న సంగతి. ప్రారంభం రోజునే ఎవరో దాన్ని అడిగారు, యజమాని తొందరపడి మాట ఇచ్చేశాడు. నేను ఆపిస్తాను. నువ్వు మాత్రం ఈ విషయం బయట ఎవరితోనూ అనకు. నీ తమ్ముడి బతుకు నీ చేతిలో ఉంది.

నీ తమ్ముడు

*

ఇల్లు
చలికాలం సగంలో

తమ్ముడికి,

నువ్వు ఆపించేదాకా నేను ఆగలేదు. నీ సెంటు సీసాకి నేనే ఫోను చేశాను. "ఆ బొమ్మ మా తమ్ముడిది కాదండీ, అమ్మ నాకిచ్చింది. అమ్మకానికి పెట్టినవాడెవడో చెబితే పోలీసుస్టేషనులో వాడి పేరు రాయిస్తాను" అన్నాను. టెలిఫోనులో మర్యాదగా మాట్లాడి మనిషికి చెమటలు పట్టించడం నాకు ఉద్యోగం నేర్పింది. మూడో రోజుకల్లా అతనే కారులో తెచ్చి గుమ్మంలో పెట్టాడు. లోపలికి రమ్మంటే రాలేదు. కారు రివర్సు చేయడంలో మా పూలకుండీ ఒకటి పగలగొట్టాడు.

తెర తీయడానికి నిన్ను పిలవబుద్ధి కాలేదు. మ్యూజియంలో పాత బొమ్మలు బాగుచేసే ఒకావిడ ఉందంటే అక్కడికి తీసుకెళ్ళాను. నేనూ మీ బావా బల్లకి ఇటు కూర్చున్నాం. దూది పుల్ల మందులో ముంచి, ఎడమ కన్ను మూల నుంచి మొదలుపెట్టింది. రెప్ప కరిగి దూదికి అంటుకుంటుంటే నేను కుర్చీ ముందుకి జరుపుకున్నాను. ఇదిగో వచ్చేస్తుంది, అమ్మ నన్ను చూస్తుంది, ఇన్నాళ్ళు ఎక్కడికి పంపావే నన్ను అంటుంది అనుకున్నాను.

ఆవిడ చెయ్యి ఆపేసింది. దీపం దగ్గరికి లాక్కుని చూసింది.

"కింద ఏమీ లేదమ్మా" అంది.

"తెర ఉందన్నాడండీ. వార్నిషు తెర. ఇంకొంచెం తుడవండి."

"వార్నిషు లేదు. రంగూ లేదు. గీకేశారు, ఇదిగో బట్ట నూలు కనిపిస్తోంది."

రెండో కన్ను కూడా తుడిపించాను. ఆవిడ వద్దంటున్నా తుడిపించాను. అక్కడా అంతే. అమ్మ ముఖంలో ఇప్పుడు రెండు చోట్ల గోనెపట్టాలాంటి బట్ట కనిపిస్తోంది. ఆవిడ డబ్బులు తీసుకోలేదు, అది చూస్తే నాకు ఇంకా భయం వేసింది.

వచ్చే దారిలో బొమ్మని మీ బావే పట్టుకుని కూర్చున్నారు. ఇంటికొచ్చాక, "వాడు నాకు బావమరిది కాదు ఇక" అన్నారు. ఆయన ఎవరినీ ఒక మాట అనే మనిషి కాదని నీకు తెలుసు.

నాకు ఒక్కటే తెలియాలి. మూసినవాడివి, పైన మూసి ఊరుకోవచ్చుగా? గీకడం ఎందుకు?

అక్క

*

స్టూడియో
చలి తగ్గుముఖం

అక్కకి,

చాలా కాగితాలు చింపాను. చెప్పక తప్పదు కాబట్టి చెబుతున్నాను.

అమ్మ కళ్ళు నేను చాలా మందంగా వేశాను. అప్పుడు నాకు పని తెలియదు. ఆ చూపు ఎంతకీ రాక, రంగు మీద రంగు వేసి వేసి, గింజంత ఎత్తు లేచింది. ఇప్పుడు దాని మీద రెప్పలు వేస్తే, పక్కనుంచి దీపం పడగానే రెప్పల కిందనుంచి ఆ గుడ్లు ఉబ్బి కనిపించేవి. ఎవరైనా పసిగడతారు. వార్నిషు తెర వేద్దామనే మొదలుపెట్టాను అక్కా, నీ మీద ఒట్టు. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ అమ్మ కింద నుంచి చూస్తూనే ఉంది. చివరికి కత్తి తీశాను. నీకు తెర అని రాసింది, నువ్వు తుడిపించవని అనుకుని.

మళ్ళీ వేస్తాను. ఇక్కడ ఒక చిన్న కాన్వాసు మీద వేసి చూశాను. కళ్ళు వచ్చాయి. కళ్ళలాగే ఉన్నాయి. చూడటం లేదు. నాకు కళ్ళు వేసే అలవాటు పోయింది, ఇన్నేళ్ళలో ఒక్కటీ వేయలేదుగా. అయినా నువ్వు బొమ్మ పంపిస్తే ప్రయత్నిస్తాను.

ఇంకొక విషయం. ఇది నా మాట కాదు, కేవలం చేరవేస్తున్నాను. ఆ మ్యూజియం ఆవిడ ఎవరికో చెప్పింది, అది గ్యాలరీ యజమాని దాకా వచ్చింది. అతను మండిపడతాడనుకున్నాను. పడలేదు. "కళ్ళ చోట ఖాళీ బట్టా? ఆయనే గీకారా?" అని లేచి నిలబడ్డాడు. పుస్తకాలాయన్ని అప్పటికప్పుడు పిలిపించాడు. ఇది నా పనిలో కొత్త దశ అంటున్నారు. మూసిన కళ్ళ నుంచి లేని కళ్ళకి. పుస్తకంలో చివరి అధ్యాయం తిరగరాస్తున్నారు. బొమ్మ ఇప్పుడున్నది ఉన్నట్టుగా ఇస్తే, నా బొమ్మల్లో దేనికీ రానంత ధర ఇప్పిస్తానంటున్నాడు. డబ్బంతా నీకే. బావగారి మోకాళ్ళు బాగుచేయించొచ్చు. ఇలాంటివే ఇంకో పది వేయమని నన్ను అడుగుతున్నారు. నేనింకా ఏమీ అనలేదు.

కోపం తెచ్చుకోకు. నీకు తెలియకుండా మళ్ళీ ఏదీ దాచకూడదని చెబుతున్నాను.

తమ్ముడు

*

ఇల్లు, ముందు గది
ఎండలు ముదిరాక

తమ్ముడికి,

జవాబు రాయకూడదనే అనుకున్నాను. రెండు నెలలు ఆ మాట మీదే ఉన్నాను.

బొమ్మ అమ్మను. సెంటు సీసాకి ఆ మాట చెప్పు. వాళ్ళకేమైనా సిగ్గుందా అని అడగడం దండగ. బొంద పెట్టినా దాని మీద టిక్కెట్టు పెట్టి జనాన్ని పోగేసే రకం. ఇంకో పది వేస్తావో వంద వేస్తావో నీ ఇష్టం, వేయకుండా ఉండలేవని నాకు తెలుసు. నేను ఏమీ అనలేదు అని రాశావు చూడు, అక్కడే నువ్వేమన్నావో అర్థమయింది. మోకాళ్ళ మాట ఇంకోసారి ఎత్తితే మీ బావ ఆ మోకాళ్ళతోనే నడిచి వస్తారు.

మళ్ళీ వేస్తానన్నావు. వద్దు. నీ చెయ్యి ఇక ఆ ముఖం మీద పడకూడదు.

బొమ్మని పాత చోటే తగిలించాను. మీ బావ ఆ గదిలో కూర్చోవడం మానేశారు. నేను కూర్చుంటున్నాను. కూర్చుని, ఖాళీల మీద అమ్మ చూపు తెచ్చి పెట్టుకుందామని చూస్తాను. మొదట్లో వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. నుదురు గుర్తుంది, పెదవి విరవడం గుర్తుంది, మెట్ల మీద చెప్పుల చప్పుడు కూడా గుర్తుంది. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి నాకూ ఆ గోనెపట్టాయే కనిపిస్తోంది. నాకు భయం వేస్తోందిరా. ఇది నేను మీ బావకి కూడా చెప్పలేదు. నీకు చెబుతున్నది నువ్వు ఓదారుస్తావని కాదు, చేసినవాడివి నువ్వు కాబట్టి.

మొన్న అద్దం ముందు నిలబడి నా ముఖంలో వెతికాను. నావి నాన్న కళ్ళు, ఎంత వెతికినా నాన్నే. అమ్మవి నీకు వచ్చాయి. నువ్వు పుట్టినప్పుడు చూడ్డానికి వచ్చిన పిన్నులూ అత్తయ్యలూ అందరూ అదే మాట అన్నారు, కళ్ళు మాత్రం అచ్చం తల్లివే అని. నాకు అప్పుడు ఎంత కుళ్ళుగా ఉండేదో. ఊరందరినీ నిలబెట్టి నిజం చెప్పించిన కళ్ళు, పోయి పోయి నీ ముఖానికి రావాలా అని ఇప్పుడు అంతకంటే కుళ్ళుగా ఉంది.

కాబట్టి ఒకసారి రా. క్షమించానని అనుకోకు, క్షమించలేదు. భోజనం పెడతానని కూడా అనుకోకు. నా ఎదురుగా కుర్చీ వేస్తాను, వచ్చి కూర్చో. నువ్వు చెప్పేదేదీ నేను వినను, నీ మిగతా ముఖంతో నాకు పని లేదు. నేను చాలనేదాకా నా వైపు చూస్తూ కూర్చో.

అక్క